టక్ అనాల్సిన చోట

జనవరి చివరి వారం, పొద్దున్న ఆరున్నర. ద్వారకలో మావయ్యా వాళ్ల సొసైటీ గేటు దాటి లోపలికొస్తే ఎదురు టవరు కనబడట్లేదు. నెత్తిమీద విమానం పోతోంది. మోత ఉంది, విమానం లేదు. గార్డు కుర్రాడు కాళ్ల దగ్గర కరెంటు హీటరు పెట్టుకుని రెండు చేతులూ దాని మీదకి చాపాడు. చలికాలంలో కట్టెలు, చెత్త కాల్చకూడదని ఢిల్లీలో కాలుష్యం రూలు, అందుకని సొసైటీ వాళ్లే కొనిచ్చారట.

మావయ్య స్టిల్టు పార్కింగులో, కారు పక్కన నిలబడి ఉన్నాడు. మంకీ క్యాపు, దాని మీద మఫ్లరు, దాని మీద శాలువా. అన్నిటి మధ్యా కళ్లజోడు ఒక్కటే మావయ్య.

"వచ్చావా. చచ్చిపోయిందిరా."

ఎవరు అని అడగక్కర్లేదు. రాత్రి నుంచి ఇది నాలుగోసారి చెప్పడం. సంక్రాంతికి రాజమండ్రి వెళ్లి, దగ్గర దగ్గర నాలుగు వారాలుండి నిన్న సాయంత్రం దిగారు. ఇవాళ అత్తయ్యని కళ్ల పరీక్షకి ఎయిమ్స్‌కి తీసుకెళ్లాలి. అత్తయ్య కారుని నమ్ముకునే మనిషి కాదు. ఆరింటికే క్యాబు పిలిపించుకుని వెళ్లిపోయింది. మిగిలింది మావయ్య, నేను, 2014 మోడలు హైబ్రిడ్ సెడాను.

ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు కాబట్టి. సెకండ్ హ్యాండులో కొన్నాడు మావయ్య. ఈ జాతి కార్లు మన దేశంలో చాలాకాలం గుంపులుగా తిరగలేదు. 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ వచ్చింది, 21 లక్షల పైమాట. కొనేవాళ్లు లేక ఆ ఏడాది చివర్లో ఎనిమిది లక్షల మేర ధర తగ్గించి అమ్ముకున్నారు. 2010 జనవరిలో ఇదే ఢిల్లీలో, ప్రగతి మైదాన్ ఆటో ఎక్స్‌పోలో టొయోటా ప్రియస్‌ని దించింది. 2013లో బిడదిలో క్యామ్రీ హైబ్రిడ్ బిగించడం మొదలుపెట్టింది. 2017లో జీఎస్టీ వచ్చి సెస్సుతో కలిపి 43 శాతం వేసేసరికి ఉన్న ఉత్సాహం కూడా చల్లారింది. అందుకే పాత హైబ్రిడ్ మొరాయిస్తే గల్లీ చివర మెకానిక్కు దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. చేయి పెట్టేవాడు దొరకడమే కష్టం.

"నిన్న రాత్రి ఒక గ్యారేజీకి ఫోన్ చేశానురా. చూడకుండానే చెప్పేశాడు. హైబ్రిడ్ బ్యాటరీ పోయుంటుంది సార్, మూడు లక్షలు అవుతుంది, కారు లాక్కొచ్చేయండి అని."

మూడు లక్షలు అన్నప్పుడు మావయ్య గొంతు కాస్త వణికింది. చలి కూడా ఉందనుకోండి.

తాళం నా చేతికిచ్చాడు. నొక్కాను. కారు పలకదు. దగ్గరికెళ్లి నొక్కాను. పలకదు. తాళం లోపలి సెల్లు నిన్నే కొత్తది వేశాడట. తాళం పక్కనున్న చిన్న మీట జరిపితే లోపల్నించి సన్నటి ఇనుప తాళంచెవి బయటికొస్తుంది. ఇలాంటిదొకటి ఉందని చాలామంది యజమానులకి తెలియదు, మావయ్యకీ తెలియదు. డ్రైవరు తలుపు హ్యాండిల్లో దూర్చి తిప్పాను. తెరుచుకుంది. లోపల లైటు వెలగలేదు. స్టార్టు బటను చీకటిగా ఉంది. బ్రేకు తొక్కి, తాళాన్ని బటనుకి ఆనించి నొక్కాను. ఊహూ. మూలుగు కూడా లేదు.

ఈలోపు వాకింగుకి వచ్చినవాళ్లు ముగ్గురు ఆగారు. ఒకాయన చేతులు రుద్దుకుంటూ "ధక్కా మార్‌తే హైఁ" అన్నాడు. తొయ్యడానికి మిగతా ఇద్దరూ సిద్ధమే. ఢిల్లీలో పొరుగింటివాడికి ఇంతకంటే పెద్ద ఉపకారం ఎవరూ చెయ్యలేరు, కానీ ఈ కారు ముందు అది వృథా. క్లచ్చు లేదు, గేరేసి వదలడానికి. అసలు దీనికి సెల్ఫే లేదు. సెల్ఫ్ కొట్టడం, సెల్ఫ్ తీసుకోకపోవడం అని మనం అంటామే, ఆ మోటారు ఇందులో ఎక్కడా కనిపించదు. ఇంజనుని తిప్పేది లోపలున్న పెద్ద జనరేటరు మోటారు. దానికి కరెంటు వెనక సీటు వెనకాలున్న పెద్ద బ్యాటరీ నుంచి వస్తుంది.

మరి మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీకి ఇక్కడేం పని? మావటివాడి పని. ఏనుగు ఎంత పెద్దదైనా మావటి లేవకపోతే గొలుసు ఊడదు. చిన్న బ్యాటరీ ముందు కంప్యూటర్లని లేపాలి, అవి అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసుకోవాలి, అప్పుడు పెద్ద బ్యాటరీ దగ్గరున్న రిలేలు టక్ టక్ మని కలవాలి. అప్పుడే ఏనుగు బలం బయటికొస్తుంది. మావటి పడుకుంటే లోపల 244 వోల్టులున్నా కారు రాయి.

మీటరు తెచ్చుకున్నాను. చిన్న బ్యాటరీ ఎక్కడుందంటే డిక్కీలో. డిక్కీ తెరిచేది కరెంటు గొళ్లెం. గొళ్లేనికి కరెంటు ఇచ్చేది డిక్కీలో ఉన్న చిన్న బ్యాటరీ. ఇల్లు తాళం వేసి తాళంచెవి ఇంట్లోనే మర్చిపోయినట్టు.

గేటు దగ్గర స్కూటరు ఆగింది. ఉస్తాద్ వచ్చాడు.

మాయాపురిలో చిన్న షెడ్డు ఉంది ఈయనకి. ఢిల్లీలో పాత బండ్లు ముక్కలవ్వడానికి పేరుపడ్డ చోటు మాయాపురి, ఎవరికి ఏ పార్టు కావాలన్నా అక్కడి గుట్టల్లో వెతుక్కుంటారు. అరవై దాటిన మనిషి. అంబాసిడర్ల మీద చేయి తిరిగింది, తర్వాత వచ్చిన ప్రతి బండినీ విప్పుకుంటూ విప్పుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడు. హైబ్రిడ్ పట్టుకునేవాళ్ల కోసం వాకబు చేస్తే ఈయన పేరే చెప్పారు నాకు. స్కూటరు మీద ఒక ఇనుపపెట్టె, చిన్న జంపర్ ప్యాకు, గుడ్డసంచీలో స్కానరు. వెనక సీటు మీద బ్యాటరీ దుకాణం కుర్రాడు. ఎందుకైనా మంచిదని వాణ్ణి కూడా తెచ్చాడు.

కుర్రాడు దిగీ దిగగానే డిక్కీ మూత సందులో స్క్రూడ్రైవరు పెట్టబోయాడు.

"అరే, హాథ్ హటా!" ఉస్తాద్ అరవలేదు, గొంతు కిందికి దించి అన్నాడు. కుర్రాడి చేయి వెనక్కి వచ్చేసింది.

ఉస్తాద్ డ్రైవరు వైపు డాష్‌బోర్డు కింద మీట లాగాడు. బానెట్టుకి తీగ ఉంటుంది, కరెంటుతో పనిలేదు. పైకెత్తి, ఫ్యూజుల పెట్టె మూత ఊడదీసి, ఎర్రటి చిన్న ప్లాస్టిక్కు టోపీ వేలితో ఎత్తాడు. కింద బొటనవేలి గోరంత ఇనుపముక్క. డిక్కీ బ్యాటరీకి ఇక్కడో కొస వదిలారు, ఇలాంటి రోజు కోసమే. మీటరు ఎర్ర సూది దాని మీద, నల్ల సూది ఇంజను ఇనుము మీద.

4.2.

"సో గయా," అన్నాడు ఉస్తాద్. పడుకుండిపోయింది. బాగున్న బ్యాటరీ అయితే 12.6 చూపించాలి. 12కి పడితేనే ఈ కార్లకి పిచ్చెక్కుతుంది, 4 అంటే కథ ముగిసినట్టే. నాలుగు వారాలు ఊరికే నిలబడ్డ కారులో కూడా తాళం ఎక్కడుందా అని వినే చెవులు పనిచేస్తూనే ఉంటాయి, ఎక్కడో ఒక కంప్యూటరు అర కన్ను తెరిచే ఉంటుంది. ఆరేళ్ల పాత బ్యాటరీ, ఢిల్లీ చలి. ఆశ్చర్యం లేదు.

మావయ్య మొహం విప్పారింది. "అంటే పెద్దది పోలేదా ఉస్తాద్‌జీ?"

"దేఖ్‌తే హైఁ, బాబూజీ."

జంపర్ ప్యాకు క్లిప్పులు తీశాడు. తగిలించే ముందు ఎరుపు, నలుపు రెండుసార్లు చూసుకున్నాడు, పెదవులు కదిలిస్తూ, మంత్రం చదువుకున్నట్టు. పాత బండిలో ప్లస్సూ మైనస్సూ తారుమారైతే నిప్పురవ్వలు లేస్తాయి, తిట్టుకుని మార్చుకుంటాం. ఇందులో తారుమారైతే ఫ్యూజులతో పాటు ఖరీదైన ఎలక్ట్రానిక్సు కాలిపోతాయి. అప్పుడు నిజంగానే లక్షల్లో మాట.

క్లిప్పు పడగానే కారు లోపల లైటు వెలిగింది. అద్దాలు ఒకసారి ఇటు తిరిగి అటు తిరిగాయి. మావయ్య చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

"మీరు కూర్చోండి," అన్నాడు ఉస్తాద్ నాతో. "బ్రేకు తొక్కి బటను నొక్కండి. నేను చెప్పినప్పుడు."

వెనక తలుపు తెరిచి సీటు మీద మోకాళ్లేసి, తల పక్కకి వాల్చి సీటు వీపుకి చెవి ఆనించాడు. సన్నాయి కచేరీలో శ్రుతి వింటున్నవాడిలా కళ్లు మూశాడు.

"అబ్."

నొక్కాను. డాష్‌బోర్డు మీద దీపావళి. పసుపు, ఎరుపు, మధ్యలో పెద్ద త్రికోణం, ఆశ్చర్యార్థకంతో. రావాల్సిన ఒక్క ఆకుపచ్చ మాట, 'రెడీ', రాలేదు.

ఉస్తాద్ కళ్లు తెరవలేదు. "ఫిర్ సే."

మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే.

"టక్ నహీఁ బోలా," అన్నాడు లేస్తూ. నాకప్పుడు అర్థమైంది ఆయన వింటున్నది దేని కోసమో. రిలేలు సీటు వెనకే ఉంటాయి, కలిస్తే చెవికి తెలుస్తుంది. టక్ అని, వెంటనే ఇంకో టక్. ఆ చప్పుడు వచ్చాక కారు పడిపోతే తప్పు ఒకచోట. అసలు చప్పుడే రాకపోతే వేరేచోట. మావటి లేచాడు, గొలుసు మాత్రం విప్పట్లేదు. ఎవరో వద్దంటున్నారు.

వాకింగువాళ్లలో ఒకాయన "బడీ బ్యాటరీ గయీ" అని తీర్పు చెప్పి వెళ్లిపోయాడు. మావయ్య మొహం మళ్లీ ముడుచుకుంది. లెక్కలు వేసుకుంటున్నాడని నాకు తెలుసు. ఢిల్లీలో పెట్రోలు కారుకి పదిహేనేళ్లు, డీజిలుకి పది. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. 2025 జులై 1 నుంచి వయసు మీరిన బండ్లకి బంకుల్లో చుక్క పొయ్యద్దన్నారు, గొడవై కొద్దిరోజుల్లోనే ఆపారు, కోర్టులో ఆ కథ ఇంకా మలుపులు తిరుగుతూ వచ్చింది. ఏదైనా, మావయ్య కారు కాగితం మీద 2029 దాకా. ఆ కాస్త ఆయుష్షున్న కారుకి మూడు లక్షలు పెడతారా ఎవరైనా? ఎన్‌ఓసీ తీసుకుని రాజమండ్రి పట్టుకుపోయి అక్కడ నడుపుకుందామని ఆయన ఆలోచన. స్టార్టవ్వని కారుని రాజమండ్రి దాకా లాక్కుపోతే పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని నేను జోకు వెయ్యబోయి మానుకున్నాను.

ఉస్తాద్ స్కానరు తగిలించాడు. స్టీరింగు కింద సాకెట్టు, చేత్తో తడుముకునే పెట్టేశాడు. తెర మీద కోడ్లు వరసగా దిగాయి. పద్నాలుగు.

పద్నాలుగు రోగాలా? కాదు. వాటిలో చాలావరకు 'యు'తో మొదలయ్యేవి. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుతో మాట కలవలేదని చెప్పుకున్న చాడీలు. వోల్టేజీ పడిపోయినప్పుడు అందరూ ఒకేసారి మూగబోతారు, ఒకడి మీద ఒకడు రాసి పెడతారు. ఈ పట్టీ చూసి భయపడి, పెద్ద బ్యాటరీ మార్చమని చెప్పేవాళ్లు ఉంటారు. ఉస్తాద్ పట్టీని సెల్లుతో ఫొటో తీసుకుని, అన్నీ తుడిచేశాడు.

"ఇప్పుడు నొక్కండి. ఎవడు తిరిగొస్తాడో వాడే దొంగ."

నొక్కాను. ఒక్కడే తిరిగొచ్చాడు. పి0ఎ0డి.

ఉస్తాద్ మొదటిసారి నవ్వాడు. పై వరసలో ఒక పన్ను లేదు. "ఇంటర్‌లాక్."

ఇంటర్‌లాక్ అంటే సన్నటి తీగ. దండలో దారంలా పెద్ద కరెంటు పోయే ప్రతి మూతనీ, ప్రతి కనెక్టరునీ కలుపుకుంటూ వెళ్లి వెనక్కొస్తుంది. ఇన్వర్టరు మూత తెరిచి ఉందా, నారింజ కేబులు ఊడి ఉందా, ఆ దారం తెగుతుంది. దారం తెగితే కంప్యూటరు రిలేలని కలవనివ్వదు. ఎవరి చేయైనా లోపల ఉండొచ్చని దాని అనుమానం. కాబట్టి ఇప్పుడు వెతకాల్సింది చచ్చిన బ్యాటరీని కాదు, ఎక్కడో తెరిచి ఉన్న మూతని. లేదా కొరికిన తీగని. శీతాకాలం వెచ్చదనానికి ఎలకలు బానెట్టు కింద దూరడం ఇక్కడ మామూలే. ఉస్తాద్ టార్చి తీసుకుని ఇంజను అంతా వెతికాడు. ఎలక పెంటిక ఒక్కటీ లేదు.

"డిక్కీ ఖోలో."

ఇప్పుడు కరెంటుంది, గొళ్లెం బుద్ధిగా ఊడింది. లోపల మడిచిన కారు కవరు, రెండు ఖాళీ నీళ్ల క్యాన్లు. ఉస్తాద్ వాటిని పక్కకి తోసి, లోపలి గోడకున్న బూడిదరంగు పట్టా ముందుకు లాగాడు. చదరపు మూత ఒకటి తెరిచే ఉంది. దాని వెనక గుంట. గుంటలో నారింజరంగు పిడి ఉండాలి. చీకటి ఉంది.

ఎవరూ మాట్లాడలేదు. పైన ఇంకో విమానం పోయింది.

"యే కిస్‌నే నికాలా?"

ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను మావయ్య వైపు చూశాను. మావయ్య మఫ్లరు సర్దుకున్నాడు.

"అదా? అది... నేనేరా. పార్కులో ఒకాయన చెప్పాడు, ఊరెళ్లేప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీసేసి వెళ్లండి, దిగిపోకుండా ఉంటుందని. డిక్కీ తీసి చూస్తే చిన్నదానికి నట్టు బిగించి ఉంది. స్పానరు కావాలి. ఇది చూడబోతే చేత్తోనే వచ్చేసింది..."

"మరి పొద్దున్నించీ చెప్పలేదేం మావయ్యా?"

"మర్చిపోయానురా. తాళమే పడట్లేదని హడావుడిలో అది గుర్తెక్కడుంది? అయినా నువ్వడిగావా?"

అడగలేదు. మీటరు తెచ్చాను, జాకెట్టు తెచ్చుకున్నాను, ఊరెళ్లే ముందు ఏం చేశారు అని మాత్రం అడగలేదు.

పార్కు ఆయన చెప్పింది సరైన మాటే. చిన్న బ్యాటరీ మైనస్సు తీగ విప్పేసి ఉంటే ఈ ఉదయం ఇలా గడిచేది కాదు. మావయ్య తీసింది పెద్ద బ్యాటరీ సర్వీసు ప్లగ్గు. చిన్నది యథాప్రకారం దిగిపోయింది, పెద్దది ఇంటర్‌లాక్ తెగి తలుపేసుకుంది. అన్ని విధాలా తిరగబడ్డ జాగ్రత్త.

ఉస్తాద్ కోప్పడలేదు గానీ మావయ్య చేతుల్ని పట్టుకుని తిప్పి చూశాడు. "బాబూజీ, వట్టి చేతుల్తో తీశారా?"

34 మాడ్యూళ్లు, ఒక్కోదాంట్లో ఆరు సెల్లులు, సెల్లుకి 1.2 వోల్టు. కలిపితే 244.8, అదీ డీసీ. ప్లగ్గు తీస్తే ప్యాకు రెండు ముక్కలవుతుంది, రెండు ముక్కలూ బతికే ఉంటాయి. ఇన్వర్టరులో దాచిన కరెంటు దిగడానికి పది నిమిషాలు ఆగాలంటారు. ఇదంతా ఉస్తాద్ హిందీలో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. మావయ్య చిన్నపిల్లాడిలాగే తలూపాడు.

"ఇప్పుడెక్కడుంది అది?"

మావయ్య లిఫ్టెక్కి పైకెళ్లాడు. కిందకొచ్చేటప్పుడు చేతిలో పొట్లం. పాత తెలుగు వారపత్రిక కాగితంలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. పూజ గదిలో పెట్టాడట, ఎవరూ ముట్టుకోరని. విప్పితే నారింజ పిడి, అరచేతిలో పట్టేంత, బరువుగా. మూల మీద కుంకుమ మరక. ఉస్తాద్ దాన్ని మీటరుతో చూశాడు, లోపలి ఫ్యూజు బాగుంది. కుంకుమని మాత్రం గుడ్డతో తుడవలేదు, ఊది వదిలేశాడు.

తర్వాత పని నెమ్మదిగా జరిగింది. కారు ఆపాడు. జంపరు ఊడదీశాడు. చిన్న బ్యాటరీ మైనస్సు నట్టు విప్పాడు, మావయ్యకి కనబడేలా, స్పానరు పైకెత్తి చూపించి మరీ. ఇనుపపెట్టెలోంచి మందపాటి రబ్బరు తొడుగులు తీశాడు. మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ గాలిని వేళ్లలోకి తోసి, ఉబ్బిన వేళ్లని చెంప దగ్గర పెట్టుకున్నాడు. సూదిమొన బెజ్జం ఉన్నా గాలి చెంపకి తగులుతుంది. తగల్లేదు. తొడుక్కున్నాడు. ప్లగ్గుని గుంటలోకి నెట్టాడు. పిడి పైకి లేపాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. పిడిని ఇంకా ఒక అంగుళం జరిపాడు, సన్నగా 'చిట్' అంది. ఆ ఆఖరి అంగుళం జరపకపోతే ప్లగ్గు పెట్టినా ఇంటర్‌లాక్ కలవదట. అలా జరపడం మర్చిపోయి, లాక్కొచ్చిన కార్లు తన షెడ్డుకి వచ్చాయన్నాడు.

ఇక కుర్రాడి వంతు. తెచ్చిన బ్యాటరీ చూపించాడు, యాసిడ్డు పోసే మామూలు రకం. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. డిక్కీలో, మనుషులు కూర్చునే చోటికి ఒక పట్టా అవతల ఉండే బ్యాటరీ అది. ఏజీఎం రకం కావాలి, గ్యాసు బయటికి పోయే గొట్టం తగిలించే వీలుండాలి. పది దాటాక కరోల్‌బాగ్‌లో కొట్లు తెరుస్తారు, తీసుకురా అని పంపేశాడు. అప్పటిదాకా పాతదాన్నే జంపరు ఊతంతో లేపాలి.

మైనస్సు బిగించాడు. ఎర్ర టోపీ, ఎరుపు, నలుపు, మళ్లీ ఆ పెదవుల మంత్రం. నన్ను వెనక సీటు మీదకి రమ్మని, తనే డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"మీరు వినండి ఈసారి."

సీటు తోలు చల్లగా ఉంది. చెవి ఆనించాను. లోపల ఏమీ లేదు, నా నాడి చప్పుడు తప్ప. బటను నొక్కిన శబ్దం.

టక్. సగం క్షణం ఆగి, టక్.

లోతుగా, చెక్కపెట్టె లోపల ఎవరో మెటికలు విరిచినట్టు. తల ఎత్తేసరికి డాష్‌బోర్డు మీద ఆకుపచ్చగా 'రెడీ'. ఇంజను చప్పుడు లేదు. గార్డు దగ్గరికొచ్చి "స్టార్ట్ హువా క్యా?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పేలోపే ఇంజను దానంతటదే అందుకుంది, వెనక తెల్లటి ఆవిరి మంచులో కలిసింది.

మీటరు మళ్లీ ఇనుపముక్క మీద పెట్టాడు ఉస్తాద్. 14.1. ఆల్టర్నేటరు లేదు ఈ కారుకి. పెద్ద బ్యాటరీయే తన కరెంటుని దించి చిన్నదానికి పోస్తుంది. ఏనుగు మావటికి అన్నం పెడుతోంది.

పోయే ముందు స్కానరులో ఇంకో పేజీ తెరిచాడు. రెండేసి మాడ్యూళ్లకి ఒక బ్లాకు చొప్పున పదిహేడు అంకెలు. అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, నడుమ ఉన్న ఒకటి మాత్రం మిగతావాటి కంటే 0.3 తక్కువ. మధ్యలో ఉన్నవే ఎక్కువ వేడెక్కుతాయి. వెనక సీటు పక్కన గాలి పీల్చే జాలీ ఉంది. దాన్ని ఊడదీసి మావయ్య చేతిలో పెట్టాడు. గుప్పెడు బూడిదరంగు ధూళి, దూదిలా గట్టిపడి. పన్నెండేళ్ల ఢిల్లీ అది. మేలో నలభై అయిదు డిగ్రీల్లో ఆ బ్యాటరీకి ఊపిరి ఇక్కణ్ణించే.

"ఈ ఎండాకాలం లాగుతుంది. పై ఎండాకాలం చూద్దాం," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. డబ్బులు లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకుని, కొత్త బ్యాటరీ వచ్చేలోపు అరగంటైనా రెడీలో ఉంచండి, ఎవరో ఒకరు లోపల కూర్చోండి అని స్కూటరు తన్నాడు. అది మూడో తన్నుకి అందుకుంది.

మావయ్య డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. హీటరు వేసుకుని, మంకీ క్యాపు తీసి పక్కన పెట్టాడు. ప్లగ్గు చుట్టి తెచ్చిన కాగితం ఇంకా చేతిలోనే ఉంది. మడతలు విప్పి స్టీరింగు మీద పరిచి, చేత్తో సాపు చేశాడు. సగం పూర్తిచేసిన గళ్ళ నుడికట్టు.

"పెన్నుందిరా?"